మూడో రబ్బరు

శుక్రవారం ఉదయం పది గంటల పది నిమిషాలు. పోలీస్ స్టేషన్ వెనకున్న రేకుల షెడ్డులో, ముందు భాగం నుజ్జయిన జీపు ఒకటి చెక్కదిమ్మల మీద నిలబెట్టి ఉంది. దాని కింద డిటెక్టివ్ వెల్లకిలా పడుకుని ఇరవై నిమిషాలైంది. పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకోవడం ఇది నాలుగోసారి.

ఆ స్టేషన్లో ఆమెని ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల స్పానరమ్మ అంటారు. లారీల షెడ్డు నడిపిన తండ్రి దగ్గర పాతికేళ్ళ వయసు దాకా గ్రీజులోనే పెరిగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది డిటెక్టివ్ పనే అయినా, గోళ్ళ అంచుల్లో ఆ నలుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. వెనకాల ఏమంటారో ఆమెకి తెలుసు. ఆ మాటకొస్తే ఆ పేరంటే ఆమెకి కొంచెం ఇష్టం కూడాను.

ఇన్‌స్పెక్టరు లెక్కలో కేసు ఎప్పుడో ముగిసింది. మంగళవారం పగలు పదకొండున్నరకి, కొండదారి మూడో మలుపులో ఈ జీపు రాతిగోడని బద్దలు కొట్టుకుని లోయలో పడింది. నడుపుతున్న లెక్కల మాస్టారు అక్కడికక్కడే పోయాడు. రోడ్డు పక్కన రాళ్ళు కొట్టుకుంటున్న కూలీ ఒకడు అంతా చూశాడు. మలుపు దగ్గర నెమ్మదించాల్సిన బండి ఒక్కసారిగా అరిచిందనీ, మాస్టారు సీట్లోంచి లేచి నిలబడి మరీ బ్రేకు తొక్కడం కనిపించిందనీ వాడు చెప్పాడు.

ఇంజిన్‌ని బండి చట్రానికి, అంటే ఛాసిస్‌కి, పట్టి ఉంచేవి రెండు రబ్బరు మౌంటింగులు, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. ఎడమది తెగిపోయింది. అది తెగితే యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజిన్ ఆ పక్కకి లేస్తుంది. లేస్తూ లేస్తూ యాక్సిలరేటరు కేబుల్‌ని తనే లాక్కుంటుంది. అప్పుడిక కాలు తీసేసినా బండి ఆగదు. ఇంజిన్ లేచిన ఊపుకి బ్రేకు గొట్టం కూడా ఊడిందంటే మనిషి చేతిలో మిగిలేది స్టీరింగు ఒక్కటే.

ఆ జీపుకి పద్దెనిమిది రోజుల కిందటే రెండు రబ్బర్లూ కొత్తవి వేశానని చెవిటి మేస్త్రి అంటున్నాడు. బండిలో చూస్తే కుడిది కొత్తది, ఎడమది ముసలిది. ఒకటి వేసి రెండోది మింగేశాడని ఇన్‌స్పెక్టరు తేల్చేసి, బుధవారమే మేస్త్రిని లాకప్‌లో పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నాడు. ఆ మేస్త్రి అబద్ధమాడే మనిషి కాదని నమ్మి డిటెక్టివ్‌ని పిలిపించింది చనిపోయిన మాస్టారి భార్యే. ఆమె నర్సు.

డిటెక్టివ్ జీపు కింద నుంచి బయటికొచ్చి, తెగిన రబ్బరుని గుడ్డ మీద పెట్టి చూపించింది.

"ఇది తెగలేదు. కోశారు."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. రబ్బరు మందంలో మూడొంతుల్లో రెండొంతులు నున్నగా, గీత గీసినట్టు ఉంది. మిగిలిన వంతు మాత్రం పీచుపీచుగా చిరిగింది. లోయలో పడ్డప్పుడు ఏ రేకో కోసి ఉంటుందని ఆయన అన్నాడు. ఆమె గోటితో నున్నటి భాగాన్ని గీకింది. లోపలి దాకా నూనె, దుమ్ము కలిసి నల్లటి పొర కట్టింది. చిరిగిన భాగంలో ఆ పొర లేదు. అంటే కోత ముందే పడింది, బండి ఆ కోతతోనే ఒకటి రెండు రోజులు తిరిగింది, చివరికి మూడో మలుపు దగ్గర ఎత్తెక్కేటప్పుడు మిగతాది చిరిగింది.

ఇంకో రెండు విషయాలు కూడా ఆమె చూపించింది. మేస్త్రి నట్టు బిగించాక నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి పసుప్పచ్చ రంగుతో ఒక గీత గీస్తాడు, తర్వాత ఎవరు విప్పినా తెలిసేలా. కుడివైపు ఆ గీత చెక్కుచెదరలేదు. ఎడమవైపు నట్టు మీది ముక్క ఒక దిక్కుంటే, ఇనుము మీది ముక్క ఇంకో దిక్కుంది. ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి మీద గుండ్రటి సొట్ట ఒకటి ఉంది. రబ్బరు మార్చాలంటే ఇంజిన్‌ని కింద నుంచి కొంచెం ఎత్తాలి. మేస్త్రి అయితే జాకీకీ తొట్టికీ మధ్య చెక్క పెడతాడు. ఇక్కడ ఎవరో జాకీని నేరుగా ఆనించారు.

"మేస్త్రికి పని తెలుసు. ఇది చేసినవాడికి సగమే తెలుసు," అంది.

"రబ్బరు ముక్క పట్టుకుని హత్య అంటే జడ్జిగారు నవ్వుతారు మేడమ్."

"నవ్వనివ్వండి. నాలుగింటి దాకా నాకు టైముంది కదా."

ఆయన ముఖం ఎర్రబడింది. నెలరోజుల్లో ఆమె తన కేసులో వేలు పెట్టడం ఇది రెండోసారి. మొదటిసారి ఆమె మాటే నెగ్గింది, దాని గురించి పై అధికారి అందరి ముందూ అడిగాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. అయినా ఆమె లోపల వేరే సంగతి కదులుతోంది. బండి గురించి సగం తెలిసినవాడు పరాయివాడు కాకపోవచ్చు. మంగళవారాల్లో ఆ జీపుని కొండ మీది ఆరోగ్య కేంద్రానికి నడుపుకుంటూ వెళ్ళేది మాస్టారు కాదు, నర్సు. ఆ రోజు ఆమెకి జ్వరం వచ్చింది కాబట్టి మందుల పెట్టె ఆయన పట్టుకెళ్ళాడు. ఆ కోత ఆయన కోసం కాదేమో, నర్సు కోసమేమో.

లాకప్‌లో చెవిటి మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళ ఇంజిన్ మోత ఆయన చెవుల్ని తినేసింది. ఇప్పుడు ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి రోగం చెబుతాడు. ఆమె చెవి దగ్గర గట్టిగా అడిగిన దానికి ఆయన నెమ్మదిగా జవాబిచ్చాడు. తీసిన పాత రబ్బర్లని ఎవరూ మళ్ళీ అమ్ముకోకుండా ఇనుము కోసే హ్యాక్సా బ్లేడుతో రెండుగా కోసి, వాటి మీద బండి నంబరు చివరి అంకెలూ తేదీ రాసి నీలం డ్రమ్ములో పడేస్తానన్నాడు.

పదకొండూ నలభైకి, ఇన్‌స్పెక్టరు పంపిన కానిస్టేబుల్‌ని సాక్షిగా పెట్టుకుని ఆమె ఆ డ్రమ్ము నేల మీద బోర్లించింది. నాలుగు ముక్కలు దొరికాయి. జీపు నంబరు, పద్దెనిమిది రోజుల నాటి తేదీ, పక్కనే ఎడమ, కుడి అని అక్షరాలు. జతచేసి చూస్తే రెండు పూర్తి రబ్బర్లు. అంటే జీపులోంచి తీసిన పాతవి రెండూ ఇక్కడే ఉన్నాయి. మరి జీపులో దొరికిన ఆ ముసలి రబ్బరు, మూడోది, ఎక్కడిది? అచ్చం అలాంటి జీపే ఇంకోటి ఉండాలి. దాని ఒంట్లో ఇప్పుడు ఒక కొత్త రబ్బరు ఉండాలి. కొత్త రబ్బరు తెగితే అనుమానం వస్తుంది, ముసలిదైతే మేస్త్రి మీదికి పోతుందని మార్చి ఉంటారు.

ఉదయం ఎనిమిదిన్నరకి నర్సు చెప్పిన మాటలు ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మొన్న ఆదివారం వాళ్ళు భోజనానికి మరిది ఇంటికి వెళ్ళారు. పన్నెండింటికి జీపుని ఆయన షెడ్డులో నీడకి పెట్టారు. తిన్నాక అందరూ ఓ కునుకు తీశారు. నాలుగింటికి బయల్దేరితే, క్లచ్ వదిలినప్పుడల్లా ముందు నుంచి దడక్‌మని చప్పుడు, ఆగితే స్టీరింగు వణుకు. కొత్త రబ్బర్లు వేయించి పక్షమైనా కాలేదు, మళ్ళీ ఏమొచ్చిందని ఆమె అంటే, బుధవారం మేస్త్రికి చూపిద్దామని మాస్టారు అన్నాడు. ఆయనకి బుధవారం రాలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు ఒకే రకం జీపులు కొన్నారని కూడా నర్సు చెప్పింది. మామగారు మరిది ఇంట్లోనే ఉంటాడు, ఏడాదిగా మతి సరిగా లేదు. మాస్టారు పోయినప్పటి నుంచీ ఆమె అక్కడే ఉండి ఆయన్ని కనిపెట్టుకుని ఉంది. ఈ మాటలన్నీ చెప్పింది ఆ ఇంట్లో కూర్చునే, పక్కగదిలో మరిది ఉండగానే.

పన్నెండూ యాభైకి ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. డ్రమ్ము సంగతీ, మాస్టారి తమ్ముడి జీపు మీద ఆమెకి అనుమానం కలిగిన సంగతీ కానిస్టేబుల్ చెప్పినట్టున్నాడు. ఆ తమ్ముడి జోలికి వెళ్ళొద్దన్నాడు. అన్న శవం చూసి స్పృహ తప్పి పడిపోయిన మనిషిని అనుమానిస్తే ఊరు ఉమ్మేస్తుందన్నాడు. వారంట్ లేకుండా ఆ గేటు దాటితే మేస్త్రి పక్కనే ఇంకో బెంచీ వేయిస్తానని కూడా అన్నాడు.

"బెంచీ తుడిపించి ఉంచండి," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

తమ్ముడు ఒంటిగంటన్నరకి మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసుకి వెళ్తాడనీ, నాలుగు దాటితే గానీ రాడనీ నర్సు ఉదయం చెప్పింది. రెండూ ఐదుకి డిటెక్టివ్ ఆ ఇంటి గేటు తీసింది. పై గది కిటికీకి పరదా వేసి ఉంది. మామ, కోడలు నిద్రపోతున్నారేమో, లేపడం ఎందుకనుకుంది. ఆ అనుకోవడాన్ని ఆమె తర్వాత చాలా ఏళ్ళు క్షమించుకోలేకపోయింది.

జీపు ఇంటి పక్క షెడ్డులో ఉంది. గోడ పక్కనున్న జాకీ తల గుండ్రంగా, మూడు వేళ్ళ వెడల్పు ఉంది. మాస్టారి జీపు ఆయిల్ తొట్టి మీది సొట్టా అంతే. ఆమె దాన్నే జీపు ముందు భాగం కింద పెట్టి ఎత్తింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరేవాడు మూర్ఖుడు. అందుకని షెడ్డులోని స్పేరు చక్రాన్ని దొర్లించుకొచ్చి ఛాసిస్ కిందికి పడుకోబెట్టింది. తన ఇనప టూల్ బాక్సు లాక్కుంటూ లోపలికి జరిగింది.

కుడి రబ్బరు పగుళ్ళుబారి, బిరుసెక్కి ఉంది. టార్చి ఎడమకి తిప్పింది. ఎడమది నల్లగా, మెత్తగా, కొత్త రబ్బరు వాసనతో ఉంది. ఈ రబ్బర్లు జతగా ఒకే పెట్టెలో వస్తాయి, రెండింటి మీదా ఒకే నంబరు గుద్ది ఉంటుంది. పొద్దున మాస్టారి జీపు కుడి రబ్బరు మీద ఆమె చదివింది 7319. ఇక్కడ గ్రీజు తుడిస్తే 7319.

ఫోటో తీసి ఇన్‌స్పెక్టరుకి పంపింది. టైము రెండూ ఇరవై నాలుగు. సిగ్నల్ సరిగా లేక, ఫోన్ మీద చిన్న వృత్తం తిరుగుతూనే ఉంది.

అప్పుడు ఒక జత పాదాలు జాకీ పక్కకి వచ్చి ఆగాయి. రబ్బరు చెప్పులు, వాటి పైన ఇస్త్రీ మడత నలగని ప్యాంటు.

"ఏమైనా కావాలా మేడమ్?" అన్నాడు తమ్ముడు. గొంతులో కోపం లేదు. ఇంటికొచ్చిన వాళ్ళని మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టుంది.

కాళ్ళు బయటికి జరుపుదామనుకుంటే, ఆ పాదాల్లో ఒకటి స్పేరు చక్రం మీద ఆనింది. మెల్లగా, తొందరేం లేనట్టు, చక్రాన్ని బయటికి లాగేసింది.

"జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మీ నాన్నగారు చెప్పలేదా?"

మాట్లాడిస్తే బతుకుతానని ఆమెకి అర్థమైంది. ఎడమ చేత్తో టూల్ బాక్సుని బెత్తెడు బెత్తెడు చొప్పున ఛాసిస్ వైపు జరపడం మొదలుపెట్టింది.

"మీ అన్నయ్య వెళ్తున్నాడని మీకు ఎప్పుడు తెలిసింది?"

పైన ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"పదకొండూ ఇరవైకి. కొండ కింద నుంచి ఫోన్ చేశాడు. వదినకి జ్వరంగా ఉంది, పెట్టె నేనే పట్టుకెళ్తున్నా, సాయంత్రం నాన్నని చూడ్డానికొస్తా అన్నాడు. ఆగమందామనుకున్నా. ఏం చెప్పి ఆపను?" పాదాలు కొంచెం కదిలాయి. "పది నిమిషాలు ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డా."

వదిన ఏం చేసిందని ఆమె అడిగింది. అతను దాచలేదు. దాచాల్సిన అవసరం లేదని అనుకున్నట్టుంది, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. పోయిన ఏడాది కాలవ గట్టు మలుపులో, సైకిలు మీద వెళ్తున్న మనిషిని ఈ జీపుతోనే గుద్దాడు. మనిషి పోయాడు. ఇతను ఆగలేదు. పక్క సీట్లో తండ్రి ఉన్నాడు. పోలీసులకి చెప్పేద్దాం పదరా అని ఆ ముసలాయన రోజూ పోరు పెట్టాడు.

"నాన్నకి మతి పోలేదు మేడమ్. నేనే పోగొట్టా. రోజుకి రెండు బిళ్ళలు. వదిన నర్సు కదా, కనిపెట్టేసింది. ఆ బిళ్ళలు పరీక్షకి పంపిస్తానంది. ఇప్పుడు మూడు రోజులుగా ఇక్కడే ఉంటోంది, నా బిళ్ళలు మాన్పించి మందులు తన చేత్తోనే ఇస్తోంది. నాన్నకి మాటలు స్పష్టంగా వచ్చేస్తున్నాయి."

టూల్ బాక్సు ఛాసిస్ కిందికి చేరింది. దాన్ని నిలువుగా లేపాలి. చప్పుడు కాకూడదు. ఆమె భుజం ఆనించి నెమ్మదిగా లేపుతుండగా, గుండెల మీది ఫోన్ మోగింది.

ఆమె బొటనవేలితో స్పీకరు నొక్కింది.

"ఫోటో వచ్చింది," ఇన్‌స్పెక్టరు గొంతు షెడ్డంతా వినిపించింది. "ఎక్కడున్నారు మీరు?"

"వాళ్ళ షెడ్డులో, జీపు కింద," అంది గబగబా.

మోకాళ్ళు వంగాయి. జాకీ మరని ఒక చెయ్యి తిప్పింది. బుస్సుమని గాలి పోయినట్టు చప్పుడు, ఆ వెంటనే ఇంజిన్ ఆమె ముఖం మీదికి దిగింది. టూల్ బాక్సు మూత లోపలికి వంగింది, కీచుమంది, ఆగింది. ఆయిల్ తొట్టి ఆమె ఛాతీని నేలకి అదిమి పట్టింది. సగం ఊపిరి లోపలికి వెళ్తోంది, ఆ పైన చోటు లేదు. ఫోన్ ఎక్కడికో జారిపోయింది.

పాదాలు కదల్లేదు. అతను వింటున్నాడని ఆమెకి తెలిసింది. మూలుగు వస్తుందా, కదలిక ఉందా అని వింటున్నాడు. ఆమె ఆ సగం ఊపిరిని కూడా బిగబట్టింది. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. నూనె చుక్క ఒకటి బుగ్గ మీద పడి చెవి వైపు పాకింది, తుడుచుకోవడానికి చెయ్యి రాదు. యాభై దాకా లెక్కపెట్టింది. అప్పుడు చెప్పులు ఈడ్చుకుంటూ ఇంటి వైపు వెళ్ళాయి.

రెండూ నలభై ఏడుకి పోలీసు జీపు గేటుని గుద్దుకుని మరీ లోపలికొచ్చింది. జాకీ కొట్టి బండిని ఎత్తింది ఇన్‌స్పెక్టరే. ఆమెని చంకల కింద పట్టుకుని బయటికి లాగాడు. క్షమాపణ చెప్పలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు. ఆమె బతికి ఉందని రూఢి చేసుకున్నాక, మేస్త్రిని వదిలేయమని స్టేషన్‌కి ఫోన్ చేశానని మాత్రం అన్నాడు.

తమ్ముడు పారిపోలేదు. ఇంటి లోపల మేడ మెట్ల మీద, అడుగు మెట్టున చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బేడీలు వేస్తుంటే చేతులు తనే చాపాడు. ఆమెని చూసి కూడా ఉలిక్కిపడలేదు.

"పైకి వెళ్ళకండి. నాన్న పడుకున్నాడు. లేపకండి."

ఆ మాట అన్న తీరుకి ఆమె మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఏమిచ్చావని అడిగింది. అతను నేల చూశాడు.

"పాలల్లో కలిపా, ఆఫీసుకి వెళ్ళబోయే ముందు. ఆ తర్వాత వెళ్ళలేకపోయా. నొప్పేం ఉండదు."

విరిగిన పక్కటెముకని చేత్తో పట్టుకుని ఆమె మెట్లెక్కింది. వెనకే ఇన్‌స్పెక్టరు. తలుపు లోపల గడియ వేసి ఉంది. అరచేత్తో బాదింది, నర్సుని పిలిచింది. జవాబు లేదు. ఇన్‌స్పెక్టరు తలుపు పగలగొట్టడానికి ఆమెని పక్కకి జరిపాడు. అప్పుడు లోపల ఎవరో మంచం మీద నుంచి దిగిన చప్పుడైంది. కర్ర ఆనించుకుంటూ అడుగులు దగ్గరికొచ్చాయి. గడియ తీయడానికి చాలాసేపు పట్టింది.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ముసలాయన నిలబడి ఉన్నాడు. చూపు తేటగా ఉంది, మాట తేటగా ఉంది.

"కోడలు లేవడం లేదమ్మా. ఇందాకటి నుంచి లేపుతున్నా. పాలు నాకు సయించవంటే, పారబొయ్యడం ఎందుకని తను తాగింది."

డిటెక్టివ్ ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళి నేల మీద కూలబడింది. గోడవారగా చాప మీద పడి ఉన్న నర్సు మణికట్టు పట్టుకుంది. ఏమీ తగల్లేదు. వేళ్ళు కొంచెం జరిపి నొక్కింది. చాలా లోతున నాడి ఒకసారి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకోవడానికి భరించలేనంత సేపు పట్టింది. జీపు గుమ్మం దగ్గరికి తెమ్మని ఇన్‌స్పెక్టరు కిందికి కేకేస్తూ నర్సుని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు.

కింద, మెట్ల దగ్గర, బేడీలు గలగలమన్నాయి. కానిస్టేబుళ్ళు కూర్చోమని గదమాయిస్తున్నారు. వాళ్ళ మాటల మధ్య నుంచి తమ్ముడి గొంతు పైకి వచ్చింది. ఇందాకటి నెమ్మది అందులో లేదు.

"నాన్నా... మాట్లాడేది నువ్వేనా? మరి వదినేది?"